మొప్ప ఎత్తి చూసినట్టు

పెదజాలారిపేట తుఫాను షెల్టరు మేడ మీద
గురువారం మూడింటికి క్లాసు.
నైలాను వలల వాసన
మాకంటే ముందే మెట్లెక్కి కూర్చుంటుంది.
గుంటలు ఇరవై ముగ్గురు.
(మా గుంటూరు వైపు గుంట అంటే నీళ్ళు నిలిచే చోటు.
ఇక్కడ ఆడపిల్ల అని తెలియడానికి
నాకు ఓ వానాకాలం పట్టింది.)
వాళ్ళ చూపు నా చార్టు మీద లేదు,
కిటికీలోంచి ఒడ్డుకొస్తున్న మర పడవ మీద ఉంది.

చార్టులో అమ్మాయిది గులాబీ రంగు.
పొట్టలో నీలి గీతలు,
పక్కన నా చేతిరాతతో: ఋతుచక్రం.
నా తెలుగులో నెత్తురుకి కూడా
ఇస్త్రీ చేసి పెడతారు.

దానయ్యమ్మ చెయ్యెత్తింది.
"టీచరమ్మా, ఆ తెల్లగుంటకొచ్చేదీ
మాకొచ్చేదీ ఒకటేనేటి?"
నవ్వు గదంతా తిరిగి
నా దాకా వచ్చి ఆగిపోయింది.

"రక్తం తగ్గితే చర్మం పాలిపోతుంది"
పుస్తకంలో ఉన్నది చదివాను.
అందరూ చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు.
ఎండా ఉప్పూ కలిసి కాచిన ఆ నలుపు మీద
పాలిపోవడం ఏ మూల కనబడుతుంది?
రాసినవాళ్ళని అడగాల్సింది.
పేజీ తిప్పేశాను.

మరుసటి వారం
నూకరత్నం మూడో మెట్టు మీద కూలబడింది.
పూర్ణా మార్కెట్లో అమ్మకం ముగించుకుని వస్తున్న
వాళ్ళ మామ్మ ఎర్రయ్యమ్మ తట్ట దించింది,
కొంగుకి వేళ్ళు తుడుచుకుంది,
మనవరాలి కింది రెప్ప లాగి చూసింది,
బేరానికి ముందు వంజరం మొప్ప ఎత్తినట్టే.

"ఇక్కడ సూడాల.
మొప్ప ఎర్రగుంటే సేపకి పేనం ఉన్నట్టు లెక్క.
దీన్ని సూడు,
ఐసులో నాలుగ్రోజులు పడున్నట్టుంది."

పన్నెండేళ్ళ ఉద్యోగం నాది.
ఆ మెట్టు మీదే కూర్చుని
నోట్సు రాసుకున్నాను.

తర్వాత చార్టు తిరగేశాం.
వెనక తెల్లకాగితం మీద దానయ్యమ్మ బొగ్గుతో గీసింది.
బొమ్మకి వాళ్ళ పిన్ని పోలిక వచ్చింది,
ముక్కుపుడకతో సహా.
ఎర్రయ్యమ్మ పోటూ పాటూ గురించి చెప్పింది,
నీరు లాగేసిన పూట
సముద్రానికి జబ్బు చేసిందని ఎవురంటారని అడిగింది.

"మరి ఆ రోజుల్లో వల తాకితే
సేప పడదంటారు కదా మామ్మా?"

ఆవిడ చాలాసేపు సముద్రం వైపు చూసింది.
"నాను ఎప్పుడూ తాకలేదే.
సేప పడని రోజులు మటుకు
సానా సూసాను."

నేనేమీ కలపలేదు.

లోవలక్ష్మి జాకెట్లో దాచి ఓ ట్యూబు తెచ్చింది,
వారంలో తెల్లబడతారని చెప్పి అమ్మినది.
చెంపలు మండి, ఎర్రగా పొక్కాయి.
డాక్టరు రాయకుండా రాసుకునే మందు కాదమ్మా అన్నాను.
నా సంచి అడుగున, తాళాల కింద,
అలాంటిదే చిన్న డబ్బా ఉందని
అనలేదు.

ఈ గురువారం నీలం మాత్రలు.
అన్నం తిన్నాకే వేసుకోవాలి, టీతో వద్దు,
నల్లగా పోతుంది, భయపడొద్దు.
ఎండు నెత్తళ్ళు, మునగాకు,
పైన నిమ్మచెక్క పిండుకోవాలి.
ఆ కూర ఎలా వండాలో నాకు చెప్పడానికి
ఐదుగురు ఒకేసారి లేచారు.

జంటలుగా కూర్చుని
ఒకరి రెప్ప ఒకరు లాగి చూసుకుంటున్నారు.
మేకు మీద కూర్చున్నట్టు కిచకిచలు.
దానయ్యమ్మకి జత మిగల్లేదు.
నా ముందుకొచ్చి నిలబడింది.
చేపలు ఒలిచిన వేలు, కడుక్కున్నా పోని ఆ వాసన,
నా కింది రెప్ప మీద చల్లగా.

కిచకిచలు ఆగాయి.

"మీదీ తెల్లగానే ఉంది టీచరమ్మా,"
గొంతు తగ్గించి అంది,
ఆడమనిషి ఆడమనిషితో అన్నట్టు.
"తింటన్నారా?"

రిజిస్టరు తీశాను.
ఇరవై మూడో పేరు కింద
గీత కొట్టి మూసే చోట
నా పేరు రాసుకున్నాను.